సరిహద్దు పల్లె పిల్లకు డాక్టరు సీటు ఏ రాష్ట్రంలో?

(మా విలేఖరి నుండి)

మధిర: మధిరలో ప్యాసింజరు ఎక్కి ఖమ్మం వెళ్లేవారు మధ్యలో ఒకసారి పొరుగు రాష్ట్రం చూసి రావలసిందే. మధిర దాటాక వచ్చే మోటమర్రి స్టేషను ఎన్టీఆర్ జిల్లా వత్సవాయి మండలంలోనిది. ఆ తరువాత వచ్చే బోనకల్లు మళ్లీ మన జిల్లా. రైలుకు గాని, అందులో గంపలతో కూర్చున్న ఆడవారికి గాని ఈ హద్దు ఎన్నడూ అడ్డు రాలేదు. ఆ ఊరి పిల్లను ఈ ఊరికి చేసుకుంటారు, ఈ ఊరి మిరపకాయలు ఆ ఊరి లారీలో పోతాయి, జ్వరం ముదిరితే ఎవరైనా విజయవాడ బండే ఎక్కుతారు. అటువంటి హద్దు 2024 నుండి ఒక్క విషయంలో మాత్రం నిలువెత్తు గోడ అయి కూర్చున్నది. అది డాక్టరు చదువు.

ఎర్రుపాలెం మండలంలో ఒక రైతు ఉన్నారు. ఆయన పేరు, ఊరు రాయడం భావ్యం కాదు. నాలుగెకరాల మిరప, పత్తి. పెద్దమ్మాయి పదో తరగతి వరకు మండలంలోని ప్రభుత్వ పాఠశాలలోనే చదివింది. 2022లో పది పాసయ్యాక విజయవాడలోని ఒక ప్రయివేటు కళాశాల వారు ఇంటికే వచ్చి, ఫీజులో కొంత తగ్గిస్తామని చెప్పి బైపీసీలో చేర్చుకున్నారు. ఆ ఊరికి ఖమ్మం కంటే విజయవాడ దగ్గర. నెలకోసారి తల్లి పొద్దున బండికి వెళ్లి, పిల్లకు పచ్చడి డబ్బా ఇచ్చి, సాయంత్రం బండికి తిరిగి వచ్చేది. 2024 మే నెలలో అమ్మాయి నీట్ పరీక్ష రాసింది. మార్కులు కూడా చెప్పుకోదగినవే వచ్చాయి. జూలై 19న తెలంగాణ ప్రభుత్వం 33వ నంబరు జీవో విడుదల చేసింది. దానితో ఆ అమ్మాయి సొంత రాష్ట్రానికే పరాయిది అయిపోయింది.

జీవోలో ఉన్నది ఏమిటి? ఇంటర్మీడియెట్ పరీక్షతో ముగిసే వరుస నాలుగు విద్యా సంవత్సరాలు, అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు తెలంగాణలోనే చదివి ఉండాలి. అలా చదివినవారే స్థానికులు. నాలుగేళ్ల నివాసం అనే మాట కూడా అందులో ఉన్నది గాని, అది ఏ విద్యాసంస్థలోనూ చదవని కాలానికి మాత్రమే పనికి వస్తుంది. హాస్టల్లో ఉండి చదువుకున్న పిల్లకు తండ్రి రేషన్ కార్డు, ఇంటిపన్ను రసీదు, తాత పేర ఉన్న పట్టాదారు పాసుపుస్తకం ఏవీ అక్కరకు రావు.

అంతకు ముందు ఈ కష్టం లేదు. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల్లో నాలుగేళ్ల నియమంతో పాటు మరొక వెసులుబాటు ఉండేది. వరుసగా నాలుగేళ్లు ఒకే చోట చదవనివారికి, చివరి ఏడేళ్లలో ఎక్కువ కాలం ఎక్కడ చదివారో చూసి ఆ ప్రాంతపు స్థానికులుగా లెక్కించేవారు. రాష్ట్రం విడిపోయాక 2017లో తెలంగాణ చేసుకున్న నిబంధనల్లోనూ ఆ పద్ధతి కొనసాగింది. ఆ లెక్కన ఆరు నుండి పది వరకు అయిదేళ్లు ఎర్రుపాలెంలో, రెండేళ్లు విజయవాడలో చదివిన ఈ అమ్మాయి నిస్సందేహంగా తెలంగాణ స్థానికురాలే. ఆమె కళాశాలలో చేరిన నాడు ఉన్న నిబంధన అది. పరీక్ష రాసిన నాడు ఉన్నదీ అదే. పరీక్ష అయిపోయి, ఫలితాలు వచ్చిన తరువాత నిబంధన మారింది.

ఇక ఆంధ్రప్రదేశ్ లో? అక్కడా కొలబద్ద నాలుగేళ్ల చదువే. రెండేళ్లు చదివిన పిల్ల అక్కడ స్థానికురాలు కాదు. ఇక్కడి వారు అక్కడికి పొమ్మంటారు, అక్కడి వారు ఇక్కడికి పొమ్మంటారు. రెండు రాష్ట్రాల్లోనూ సీట్లు ఉండగా రెండింటికీ కాకుండా పోయింది.

మరొక విడ్డూరం కూడా చెప్పుకోవాలి. శ్రీకాకుళం నుండి తొమ్మిదో తరగతికి హైదరాబాదు హాస్టలుకు వచ్చి ఇంటర్ దాకా చదివిన పిల్లవాడు ఈ నిబంధన ప్రకారం తెలంగాణ స్థానికుడు. ఆ పిల్లవాడిని తప్పు పట్టవలసింది ఏమీ లేదు. నాలుగేళ్లు ఇక్కడి నీళ్లు తాగాడు, ఇక్కడే చదివాడు. కాని తాతముత్తాతల నుండి ఎర్రుపాలెంలో సేద్యం చేసుకుంటున్న ఇంటి పిల్ల నాన్ లోకల్ అంటే ఆ తండ్రికి ఎవరు నచ్చజెప్పగలరు? ఈ విలేఖరి ప్రయత్నించి విఫలుడైనాడు.

నాన్ లోకల్ అయితే ఏమవుతుంది, అఖిల భారత కోటా ఉన్నది కదా అని పట్నంలో కొందరు తేలికగా అంటారు. ఆ తేలిక ఎంతో ఒకసారి లెక్క వేసి చూద్దాం. ఖమ్మం ప్రభుత్వ వైద్య కళాశాల 2023లో 100 సీట్లతో ప్రారంభమైంది. అందులో 15 సీట్లు అఖిల భారత కోటాకు పోతాయి. మిగిలిన 85 తెలంగాణ స్థానికులకే. 2014 జూన్ తరువాత పెట్టిన కళాశాలల్లో కన్వీనరు సీట్లన్నీ స్థానికులకే చెందాలని 2023లోనే నిర్ణయించారు. కనుక ఆ 85లో బయటి వారికి ఒక్కటీ లేదు. ఎర్రుపాలెం పిల్ల తన జిల్లా కేంద్రంలోని కళాశాలలో సీటు కోరాలన్నా ఆ 15లోనే కోరాలి. ఆ 15కు బీహారు, కేరళ, రాజస్థాన్ పిల్లలు కూడా పోటీదారులే.

2025లో దేశం మొత్తం మీద నీట్ రాసినవారు 22 లక్షల పైచిలుకు. తెలంగాణ నుండి రాసినవారు సుమారు 70 వేలు. తెలంగాణలో ప్రభుత్వ కళాశాలల ఎంబీబీఎస్ సీట్లు ఉరామరిగా నాలుగు వేలు. అందులో నూటికి 85 స్థానికులకు అనుకుంటే మూడున్నర వేలు దాకా తేలుతాయి. అంటే స్థానిక విద్యార్థులు ఇరవై మందికి ఒక సీటు. దేశంలోని ప్రభుత్వ సీట్లు ఇంచుమించు 60 వేలు. వాటిలో నూటికి 15 అంటే తొమ్మిది వేలు. 22 లక్షల మందికి తొమ్మిది వేలు అంటే రెండు వందల నలభై అయిదు మందికి ఒకటి. పరీక్ష రాసిన ప్రతివారూ గట్టిగా చదివినవారు కారు గనుక ఇది మోటు లెక్కే. అయినా స్థానికురాలికి, స్థానికురాలు కాని పిల్లకు ఉన్న తేడా పన్నెండింతలు అని తెలుసుకోవడానికి ఈ మోటు లెక్క చాలు. పైగా స్థానికులకు రెండు తలుపులూ తెరిచి ఉంటాయి. బయటివారికి ఒకటే తలుపు, అదీ ఇరుకు తలుపు.

రిజర్వేషన్ల సంగతి వేరే చెప్పాలి. తెలంగాణ కోటాలో వెనుకబడిన తరగతులకు ఏ, బీ, సీ, డీ, ఇ అని అయిదు భాగాలు చేసి నూటికి 29 సీట్లు ఇస్తారు. అఖిల భారత కోటాలో ఓబీసీలకు నూటికి 27 సీట్లు 2021 నుండి అమలులోకి వచ్చాయి గాని అక్కడ ఈ భాగాలు లేవు. బీసీ-ఏ లోని చిన్న కులం పిల్ల ఇక్కడ తన సాటివారితో పోటీ పడుతుంది. అక్కడ దేశంలోని వెనుకబడిన కులాలన్నిటిలో బలమైన వారితో పోటీ పడాలి. పేదవారిలోనూ మరింత పేదవారికే హద్దు దెబ్బ గట్టిగా తగులుతుందన్న మాట.

రాష్ట్రం అడగని కళాశాలలు లేవా అంటే ఉన్నాయి. బీబీనగర్, మంగళగిరి ఎయిమ్స్ సంస్థల్లో ఎవరు ఏ ఊరివారని చూడరు, అఖిల భారత ర్యాంకే చూస్తారు. పుణేలోని సైనిక వైద్య కళాశాల కూడా అంతే. అక్కడ నీట్ మార్కులతో ఎంపిక చేసిన వారిని పిలిచి ఇంటర్వ్యూ కూడా చేస్తారు. మన దేశంలో ఎంబీబీఎస్ కు ఇంటర్వ్యూ మిగిలిన అరుదైన చోట్లలో అదొకటి. ఒకప్పుడు దక్షిణాది రాష్ట్రాల్లో డాక్టరు సీటుకు ఇంటర్వ్యూ మార్కులుండేవి, వాటి మీద కేసులు సుప్రీంకోర్టు దాకా నడిచాయి. ఇప్పుడు ఇంటర్వ్యూ పోయింది గాని, సర్టిఫికెట్ల పరిశీలన బల్ల దగ్గర నిలబడ్డవారికి అది ఇంటర్వ్యూ కంటే తక్కువగా ఏమీ తోచదు. ప్రశ్న ఒకటే: తొమ్మిది నుండి ఎక్కడ చదివావు?

ఇక డబ్బున్నవారి సంగతి. డీమ్డ్ విశ్వవిద్యాలయాల్లో ఏ రాష్ట్రం వారైనా చేరవచ్చు. ఏడాదికి పదిహేను, ఇరవై లక్షలు, ఆ పైన కూడా కట్టగలిగితే చాలు. ప్రయివేటు కళాశాలల్లో ఎన్ఆర్ఐ కోటాకు కూడా లోకల్, నాన్ లోకల్ పట్టింపు లేదు. తెలంగాణలో యాజమాన్య కోటా సీట్లలో అధిక భాగాన్ని 2022 నుండి స్థానికులకే కేటాయిస్తున్నారు గనుక అక్కడ మాత్రం కొంత కట్టుదిట్టం ఉన్నది. మొత్తం మీద ఫీజు తక్కువ ఉన్న చోటల్లా హద్దు ఉన్నది, ఫీజు పెరిగిన కొద్దీ హద్దు చెరిగిపోతున్నది. నాలుగెకరాల రైతుకు ఈ రెండో మార్గం ఉన్నా లేనట్లే.

ఇంత రాసినంత మాత్రాన స్థానిక నియమమే వద్దని ఈ విలేఖరి అభిప్రాయం కాదు. ముల్కీ రోజులను, 1969, 1972 ఆందోళనలను చూసినవారు ఇంకా మన ఊళ్లలో ఉన్నారు. ఆ గొడవల నుండే 1973లో ఆరు సూత్రాల పథకం, దాని నుండి రాజ్యాంగంలో 371-డి అధికరణం వచ్చాయి. వెనుకబడిన ప్రాంతం పిల్లలకు ముందుగా చదువుకున్న ప్రాంతం పిల్లలతో సరిసమానమైన పోటీ పెడితే అది పోటీ కాదు. రాష్ట్ర ప్రజల పన్నుతో కట్టిన కళాశాలలో రాష్ట్రం పిల్లలు చదివి, రాష్ట్రంలోనే వైద్యం చేయాలనుకోవడం న్యాయమే. 1955లోనే ఇండోరు వైద్య కళాశాల కేసులో, రాష్ట్రంలో నివాసం లేనివారి వద్ద అదనపు రుసుము తీసుకోవడం చెల్లుతుందని సుప్రీంకోర్టు చెప్పింది. 1984లో ప్రదీప్ జైన్ కేసులో అదే కోర్టు, అన్ని సీట్లూ సొంతవారికే అంటే కుదరదని, కొన్ని దేశమంతటికీ తెరవాలని చెప్పింది. 1986లో ఆ భాగాన్ని మొత్తం సీట్లలో నూటికి 15గా స్థిరపరచింది. 371-డి కారణంగా మన రాష్ట్రం అందులో చేరకుండా చాలా ఏళ్లు వేరుగా ఉండి, విభజన తరువాతనే చేరింది. 2025 జనవరిలో పీజీ సీట్లలో నివాస రిజర్వేషన్ చెల్లదని చెప్పిన తీర్పులో కూడా, ఎంబీబీఎస్ లో కొంత మేరకు ఉండవచ్చుననే కోర్టు భావించింది. కనుక గోడ ఉండవచ్చు. గోడకు బయట ఎవరు పడుతున్నారన్నదే మన ప్రశ్న.

ఈ ప్రశ్న కోర్టులకూ వెళ్లింది. 2024 సెప్టెంబరు 5న తెలంగాణ హైకోర్టు, ఈ నియమాన్ని తెలంగాణ శాశ్వత నివాసులకు వర్తింపజేయరాదని, శాశ్వత నివాసి ఎవరో ప్రభుత్వమే మార్గదర్శకాలు తయారు చేసుకోవాలని చెప్పింది. ఆ మాట వినగానే మన రైతు ఇంట్లో ఆ పూట పాయసం వండారు. పదిహేను రోజులకు సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. హైకోర్టుకు వెళ్లిన 135 మందికి మాత్రం ఆ ఒక్క ఏడాదికి మినహాయింపు ఇస్తామని ప్రభుత్వం ఒప్పుకున్నది. కేసు వేసినవారికి సీటు అడిగే హక్కు దక్కింది, కేసు వేయనివారికి దక్కలేదు. హైదరాబాదులో వకీలును పట్టుకొని, ఫీజు కట్టి, వకాల్తా మీద సంతకం పెట్టాలని మిరప తోటలో ఉన్న మనిషికి ఎవరు చెబుతారు? పేపర్లో చూసి తెలుసుకునే సరికి గడువు దాటింది.

చివరకు 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు నాలుగేళ్ల నియమం సబబేనని తీర్పు చెప్పింది. శాశ్వత నివాసి అన్న మాటకు నిర్వచనం లేనందువలన హైకోర్టు చెప్పిన మార్గం అయోమయానికి దారి తీస్తుందన్నది అందులో ముఖ్యమైన మాట. అత్యున్నత న్యాయస్థానం తీర్పును శిరసావహించవలసిందే. అయితే ఆ కేసులోనే ప్రభుత్వం కొన్ని మినహాయింపులు తానుగా ప్రతిపాదించింది, కోర్టు వాటిని ఆమోదించింది. రాష్ట్ర ప్రభుత్వోద్యోగులు, ఇక్కడి కేడరుకు చెందిన అఖిల భారత సర్వీసుల అధికారులు, సైనికులు, మాజీ సైనికులు, ప్రభుత్వ సంస్థల ఉద్యోగులు, వీరు ఉద్యోగరీత్యా రాష్ట్రం బయట పని చేసి ఉంటే వారి పిల్లలకు నాలుగేళ్ల నియమం అడ్డు రాదు.

మంచిదే. సైనికుడి పిల్లకు అన్యాయం జరగకూడదు. కాని పొట్ట చేత పట్టుకొని పోయినవారి పిల్లల మాట ఏమిటి? సిరిసిల్ల ప్రాంతం నుండి భీవండికి, సూరత్ కు మగ్గాల పనికి పోయిన పద్మశాలీలు ఎందరు? పాలమూరు నుండి మేస్త్రీల వెంట ఊళ్లు పట్టి పోయిన కూలీలు ఎందరు? అధికారి బదిలీ మీద పోతే అది ఉద్యోగరీత్యా, కూలీ కరువు మీద పోతే అది తన ఇష్టమా? బయటికి పోయి చదివేవారంతా కలిగినవారే, వారి మీద జాలి పడనక్కర లేదని వాదించేవారు భీవండి మగ్గాల సందుల్లో ఒక్క రోజు గడిపి వస్తే బాగుంటుంది.

అమెరికాలోనూ ఇటువంటి హద్దులున్నాయి. మనవారు ఎందరో స్థిరపడిన టెక్సాస్ లో ప్రభుత్వ వైద్య కళాశాలలు బయటి రాష్ట్రాల వారిని నూటికి పది మందికి మించి చేర్చుకోరాదని చట్టమున్నది. మిసిసిపీ రాష్ట్ర వైద్య కళాశాల అయితే బయటివారిని చేర్చుకోదు. అక్కడ మార్కులతో పాటు ఇంటర్వ్యూ కూడా ఉంటుంది గనుక, బయటి రాష్ట్రం దరఖాస్తుకు ఇంటర్వ్యూ పిలుపు రావడమే గగనం. అయితే తల్లిదండ్రుల మీద ఆధారపడిన పిల్లల విషయంలో టెక్సాస్ వారు ప్రధానంగా చూసేది తల్లిదండ్రుల నివాసం ఎక్కడ అన్నది. ఇక్కడ ఇల్లు చూడరు, హాస్టలు చూస్తారు.

తీర్పు వచ్చేసిన తరువాత ఇంకా చేయగలిగింది ఏమున్నదని అడగవచ్చు. నియమం చెల్లుతుందని కోర్టు అన్నది గాని దాన్ని సవరించరాదని అనలేదు. ఉద్యోగుల పిల్లలకు మినహాయింపు రాసిన చేతితోనే మరి రెండు వాక్యాలు రాయవచ్చు. పాత ఏడేళ్ల వెసులుబాటును, కనీసం ఆరు నుండి పది వరకు ఇక్కడి బడిలో చదివినవారికి, తిరిగి తేవచ్చు. దానికి కొత్త నిర్వచనాలు అక్కరలేదు, బడి రికార్డులో ఉన్నదే చాలు. మధిర, ఎర్రుపాలెం, బోనకల్లు వంటి సరిహద్దు మండలాల పేర్లు జీవోలో చేర్చినా తప్పు లేదు. మన ప్రజాప్రతినిధులు కల్వర్టులకు, సిమెంటు రోడ్లకు ఇచ్చే వినతి పత్రాల్లో ఈ ముక్క కూడా చేర్చాలి.

అంతకంటే ముందు జరగవలసిన పని మరొకటి ఉన్నది, దానికి రూపాయి ఖర్చు లేదు. ఈ నియమం ఇంటర్ చదివే వారికి తెలిసి లాభం లేదు, ఎనిమిదో తరగతి పిల్లల తల్లిదండ్రులకు తెలియాలి. ఏటా పది పరీక్షలు కాక ముందే విజయవాడ, గుంటూరు కళాశాలల పీఆర్వోలు మోటారు సైకిళ్ల మీద మన పల్లెల్లో తిరుగుతారు. ఫీజు రాయితీ చెబుతారు, ఏసీ గది చెబుతారు, గత ఏడాది ర్యాంకుల రంగుల కాగితం ఇస్తారు. మీ పిల్ల మా వద్ద చేరితే సొంత రాష్ట్రంలో నాన్ లోకల్ అవుతుందని చెప్పిన పీఆర్వోను ఈ విలేఖరి ఇంతవరకు చూడలేదు. వారు చెప్పరు, వారి జీతం దాని మీదే. చెప్పవలసినది విద్యాశాఖ. మండలంలోని ప్రతి ఉన్నత పాఠశాల నోటీసు బోర్డు మీద, పేరెంట్స్ సమావేశంలో ఈ సంగతి తెలుగులో నాలుగు ముక్కలు చెబితే చాలు. ఎందుకు చెప్పడం లేదని ఒక ప్రధానోపాధ్యాయుని అడిగితే, పై నుండి సర్క్యులర్ రాలేదన్నారు.

ఆ రైతు పెద్దమ్మాయి 2025లో లాంగ్ టర్మ్ శిక్షణ తీసుకొని మళ్లీ నీట్ రాసింది. మార్కులు పెరిగాయి. అఖిల భారత కోటాకు చాలలేదు. పదో తరగతిలో ఆమె పక్క బల్ల మీద కూర్చున్న అమ్మాయి, ఇంటర్ ఖమ్మంలో చదివిన పిల్ల, అంతకంటే తక్కువ మార్కులతో కొత్తగూడెం ప్రభుత్వ వైద్య కళాశాలలో చదువుతున్నది. ఇద్దరూ ఇప్పటికీ స్నేహంగానే ఉన్నారు. పెద్దమ్మాయి డిగ్రీలో చేరింది.

రెండో అమ్మాయి ఈసారి పది పాసయింది. ఎప్పటిలాగే పీఆర్వో వచ్చాడు, ఈసారి సగం ఫీజుకే అన్నాడు. తండ్రి ఆయనకు మంచినీళ్లిచ్చి, టీసీ తీసుకునేది లేదని పంపించారు. అమ్మాయిని మధిరలోని ప్రభుత్వ జూనియర్ కళాశాలలో బైపీసీలో చేర్చారు. పొద్దున ఎనిమిది గంటల బస్సుకు వెళ్తున్నది. ఆరు నుండి పది వరకు బోనఫైడ్ సర్టిఫికెట్లు ఇప్పుడే తెచ్చి, ప్లాస్టిక్ కవరులో పెట్టి, బియ్యం డ్రమ్ము పైన గూట్లో దాచారు.